టైటానియం కటింగ్: స్పీడా, ఫీడా, డెప్తా? ఏది పెంచాలి, ఏది ముట్టుకోకూడదు

నా టేబుల్ సొరుగులో రెండు కార్బైడ్ ఇన్సర్టులు, అంటే టూల్ కొసన బిగించే కోత ముక్కలు, చిన్న ప్లాస్టిక్ కవర్లలో దాచి ఉన్నాయి. రెండూ ఒకే పెట్టెలోవి. ఒకే లేత్ మీద, ఒకే కడ్డీ మీద వాడినవి. ఫీడ్ (ఒక్కో చుట్టుకు టూల్ ముందుకు జరిగే దూరం), డెప్త్ (కోత లోతు), కూలెంట్ (చల్లార్చే ద్రవం) ఏవీ మార్చలేదు. ఒకదాన్ని నిమిషానికి 55 మీటర్ల కటింగ్ స్పీడ్‌తో నడిపాం, రెండోదాన్ని 80తో. మొదటిదాన్ని భూతద్దం కింద పెడితే అంచు వెంబడి సన్నటి బూడిదరంగు గీత కనిపిస్తుంది. పావుగంట కోసిన గుర్తు అంతే. రెండోది ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. ముక్కు వెనక గుంట పడింది, అంచు కుంగిపోయింది, దాని మీద టైటానియం వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోయింది. టైటానియం జాబ్ మొదటిసారి పట్టుకునేవాళ్ల చేతిలో ముందు ఈ రెండూ పెడతాను. మిగతా సంగతులు తర్వాత.

అల్యూమినియం మీద, మామూలు స్టీలు మీద చేయి తిరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. టైం తగ్గించమంటే చేయి ఆర్‌పీఎం వైపే వెళ్తుంది. టైటానియం దగ్గర కొంప ముంచేది ఆ అలవాటే. టైం తగ్గించుకునే దారులు ఇక్కడా ఉన్నాయి, కాకపోతే స్పీడ్ వాటిలో ఆఖరిది. ఏ దారి ఎప్పుడు పట్టాలో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. ఉదాహరణలకు అందరూ ఎక్కువగా వాడే గ్రేడ్ 5ని, అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉన్న మిశ్రమాన్ని తీసుకుంటున్నాను. షాపులో దాన్ని సిక్స్-ఫోర్ అంటాం.

## వేడి ఎటు పోతుంది?

సిక్స్-ఫోర్ ఉష్ణవాహకత మీటరుకు కెల్విన్‌కు సుమారు 6.7 వాట్లు. మీడియం కార్బన్ స్టీలుకు అది 50 చుట్టుపక్కల, 6061 అల్యూమినియానికి 167 దాకా ఉంటుంది. అంటే కోత దగ్గర పుట్టిన వేడి జాబ్‌లోకి, అంటే కోస్తున్న ముక్కలోకి, పాకదు, చిప్‌తోనూ (ఊడివచ్చే లోహపు పెచ్చు) పెద్దగా వెళ్లిపోదు. దాదాపు 80 శాతం టూల్‌లోకే దిగుతుందని లెక్క చెబుతారు. పైగా టైటానియం చిప్ టూల్ ముఖం మీద ఎక్కువ దూరం జారదు, అంచుకు అతి దగ్గరలోనే విడిపోతుంది. దాంతో వేడి, ఒత్తిడి రెండూ అంచు పక్కనున్న వెంట్రుకవాసి స్థలంలోనే పోగవుతాయి. సుమారు 500 డిగ్రీలు దాటాక టైటానియం ఇంచుమించు ప్రతి టూల్ పదార్థంతోనూ రసాయనికంగా కలవడం మొదలుపెడుతుంది. చిప్ అతుక్కుంటుంది, ఊడిపోతూ టూల్ రేణువులను తనతో పట్టుకుపోతుంది. గుంట పడేది ఇలాగే.

ఇంకో గుణం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. టైటానియం బిగువు స్టీలులో సగమే, అందుకే తేలిగ్గా వంగుతుంది. స్థితిస్థాపక గుణకం దీనికి 114 గిగాపాస్కల్స్ ఉంటే స్టీలుకు 200 పైనే. టూల్ నొక్కితే జాబ్ పక్కకు జరుగుతుంది, టూల్ దాటాక మళ్లీ వెనక్కి వచ్చి టూల్ వెనక భాగాన్ని రాసుకుంటుంది. రాపిడి అంటే మళ్లీ వేడే. అందుకే టైటానియం టూళ్లకు వెనక ఖాళీ కోణం 10 డిగ్రీలు, ఆపైన ఇస్తారు.

ఈ రెండు సంగతులూ మనసులో ఉంటే కింది నిర్ణయాలు సగం వాటంతట అవే తేలిపోతాయి.

## 20 నుంచి 30కి వెళ్లే మూడు దారులు

టర్నింగ్‌లో, అంటే లేత్ మీద తిరిగే జాబ్‌ను కోసేటప్పుడు, నిమిషానికి ఎంత మెటల్ తీస్తున్నామో చెప్పే లెక్క చాలా తేలిక. స్పీడ్‌ను మీటర్లలో, డెప్త్‌ను, ఫీడ్‌ను మిల్లీమీటర్లలో తీసుకుని మూడింటినీ గుణిస్తే ఘన సెంటీమీటర్లు వస్తాయి. స్పీడ్ 50, డెప్త్ 2, ఫీడ్ 0.2 అయితే నిమిషానికి 20 ఘన సెంటీమీటర్లు.

ఇప్పుడు ప్లానింగ్ నుంచి ఫోన్ వచ్చింది, 30 కావాలన్నారు. మూడు దారులున్నాయి.

మొదటిది స్పీడ్‌ను 75 చేయడం. స్పీడ్‌ను బట్టి అంచు ఎంతసేపు నిలుస్తుందో చెబుతూ అమెరికా ఇంజనీరు ఎఫ్.డబ్ల్యు. టేలర్ 1907లో ప్రచురించిన టూల్ లైఫ్ సూత్రం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. కార్బైడ్‌కు అందులోని ఘాతాంకాన్ని 0.25 అనుకుంటే, స్పీడ్ ఒకటిన్నర రెట్లయినప్పుడు టూల్ లైఫ్ ఐదో వంతుకు పడిపోతుంది. ఇరవై నిమిషాలు నడిచే అంచు నాలుగు నిమిషాలకే అయిపోతుంది. ఆ ఘాతాంకం మీ గ్రేడ్‌తో, మీ కూలెంట్‌తో కొంచెం అటూఇటూ అవుతుంది కానీ దెబ్బ మాత్రం ఈ స్థాయిలోనే ఉంటుంది. అదే సూత్రాన్ని తిప్పి చూస్తే స్పీడ్‌ను పది శాతం తగ్గిస్తే టూల్ లైఫ్ ఒకటిన్నర రెట్లవుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే రాత్రి షిఫ్ట్‌లో ఫోన్లు తగ్గుతాయి.

రెండో దారి ఫీడ్‌ను 0.3 చేయడం. వేడి పెరుగుతుంది కానీ స్పీడ్ పెంచినంతగా కాదు. చిప్ మందమవుతుంది కాబట్టి అంచు మీద బలం పెరుగుతుంది. ఇన్సర్ట్ ముక్కు బలంగా ఉండాలి, ఫిక్చర్ (జాబ్‌ను పట్టి ఉంచేది) గట్టిగా ఉండాలి. రఫింగ్‌లో, అంటే మొదటి ముతక కోతలో, ఇది బాగానే సాగుతుంది, ఫినిషింగ్‌లో, అంటే ఆఖరి నున్నటి కోతలో, కుదరదు.

మూడోది డెప్త్‌ను 3 చేయడం. అంచులో ఎక్కువ పొడవు పనిలోకి దిగుతుంది, పెరిగిన వేడి ఆ పొడవంతా పంచుకుంటుంది. ఒక్కో మిల్లీమీటరు అంచు మోసే భారం ఇంచుమించు మారదు. టూల్ లైఫ్ మీద పడే ప్రభావం మూడింటిలో దీనిదే తక్కువ. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే మొత్తం బలం పెరిగి చాటర్ (కోతలో వణుకు) మొదలవ్వచ్చు, జాబ్ సన్నగా ఉంటే వంగచ్చు.

అందుకని నా వరస ఇది: ముందు డెప్త్, తర్వాత ఫీడ్, ఆ రెండూ అయ్యాకే స్పీడ్. డెప్త్ పెంచితే చాటర్ వస్తోందంటే, ఆ మెషీన్‌కు, ఆ ఫిక్చర్‌కు అంతే శక్తి ఉందని అర్థం. అక్కడితో ఆగి ఫీడ్ చూడాలి. చాటర్ పోవాలని కాస్త ఆర్‌పీఎం మార్చడం వేరు సంగతి, అప్పుడు కూడా పైకి కాకుండా కిందికి మార్చి చూడండి.

మొదలుపెట్టడానికి అంకెలు కావాలంటే, కార్బైడ్‌తో సిక్స్-ఫోర్ రఫింగ్‌కు నిమిషానికి 45 నుంచి 60 మీటర్లు, ఫినిషింగ్‌కు 60 నుంచి 90 తీసుకోవచ్చు. గ్రేడ్ 2 లాంటి శుద్ధ టైటానియం చాలా మెత్తన, 80 నుంచి 120 దాకా వెళ్తుంది. బీటా రకాలు, అంటే 5553, 10-2-3 లాంటివి, చుక్కలు చూపిస్తాయి. అక్కడ 25 నుంచి 45 మధ్యే. హైస్పీడ్ స్టీలు టూలైతే సిక్స్-ఫోర్ మీద 8 నుంచి 15. టైటానియం అని డ్రాయింగ్‌లో రాసి ఉంటే సరిపోదు. గ్రేడ్ ఏమిటో, ఎనీల్ చేశారో (వేడిచేసి మెత్తబరచడం), ఏజింగ్ చేశారో (వేడిలో ఉంచి గట్టిపరచడం) అడగకుండా ప్రోగ్రామ్ రాయకండి.

ఫోర్జింగ్, కాస్టింగ్ జాబ్‌లకు ఇంకో మాట. వేడిలో గాలి తగిలిన ఉపరితలం మీద ఆక్సిజన్ ఇంకి ఆల్ఫా కేస్ అనే గట్టి, పెళుసు పొర ఏర్పడుతుంది. దాన్ని గీకుతూ పోతే ఏ పారామీటర్ పెట్టినా అంచు మిగలదు. మొదటి కోతలోనే ఆ పొర కిందకు దిగాలి, స్పీడ్ తగ్గించి డెప్త్ పెంచాలి.

## టూల్‌ను ఎంతసేపు బతికించాలి?

టూల్ లైఫ్ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని అనుకుంటాం. లెక్క అలా చెప్పదు. టేలర్ సూత్రం నుంచి వచ్చే ఫలితం ఒకటుంది. ఘాతాంకం 0.25 అయినప్పుడు, ఎక్కువ పీసులు రావడమే లక్ష్యమైతే టూల్ లైఫ్ టూల్ మార్చే సమయానికి మూడు రెట్లుండాలి. మార్చడానికి 3 నిమిషాలు పడితే 9 నిమిషాల లైఫ్ చాలు, స్పీడ్ ఆ మేరకు పెంచుకోవచ్చు. ఖర్చు తగ్గడమే లక్ష్యమైతే అంచు ఖరీదును కూడా మెషీన్ నిమిషాల్లోకి మార్చి కలపాలి. ఒక్క అంచు ధర 6 నిమిషాల మెషీన్ ఖర్చుతో సమానమైతే 3కు 6 కలిపి మూడుతో గుణించాలి, 27 నిమిషాలు వస్తుంది.

ఒకే జాబ్, ఒకే మెషీన్, అయినా సరైన లైఫ్ ఒకచోట 9, ఇంకోచోట 27. డెలివరీ నెత్తిన కూర్చుంటే మొదటి లెక్క, లేదంటే రెండోది. నేనైతే టైటానియంలో రెండోదాని వైపే మొగ్గుతాను, కారణం ఈ లెక్కలో రాదు. అంచు హఠాత్తుగా పోతే పాడయ్యేది జాబ్. ఆ జాబ్ ఖరీదు ముందు ఇన్సర్ట్ ఖరీదు లెక్కలోకే రాదు.

## మిల్లింగ్: నిండుగా దున్నడమా, పక్క నుంచి చెక్కడమా?

అసలు తేడా కనిపించేది ఇక్కడ, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. 12 మిల్లీమీటర్ల సాలిడ్ కార్బైడ్ ఎండ్‌మిల్‌తో (తిరుగుతూ కోసే పళ్ల టూల్) పాకెట్, అంటే జాబ్‌లో పల్లం, తీయాలి. ఒక పద్ధతిలో టూల్ వెడల్పంతా జాబ్‌లో పెట్టి స్లాట్ కొట్టుకుంటూ పోతాం. ఇంకో పద్ధతిలో పక్క నుంచి పదోవంతు వెడల్పే తీసుకుంటూ లోతు మాత్రం బాగా దించుతాం. ట్రోకాయిడల్ అనీ, డైనమిక్ అనీ క్యామ్ సాఫ్ట్‌వేర్లు (టూల్ నడిచే దారిని రాసిచ్చేవి) రకరకాల పేర్లు పెట్టుకున్నది ఈ రెండో పద్ధతికే.

| | నిండు స్లాట్ | సన్నటి పక్క కోత |
|---|---|---|
| పక్క వెడల్పు | 12 మి.మీ. | 1.2 మి.మీ. |
| లోతు | 6 మి.మీ. | 24 మి.మీ. |
| కటింగ్ స్పీడ్ | నిమిషానికి 45 మీ. | నిమిషానికి 80 మీ. |
| ఆర్‌పీఎం | సుమారు 1,190 | సుమారు 2,120 |
| పళ్లు | 4 | 5 |
| పంటికి ఫీడ్ | 0.05 మి.మీ. | 0.09 మి.మీ. |
| టేబుల్ ఫీడ్ | నిమిషానికి 239 మి.మీ. | నిమిషానికి 955 మి.మీ. |
| తీసే మెటల్ | నిమిషానికి 17 ఘ.సెం.మీ. | నిమిషానికి 27 ఘ.సెం.మీ. |

స్పీడ్‌ను ముట్టుకోవద్దని ఇందాకే చెప్పి ఇక్కడ 80 ఎలా పెట్టావని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. స్లాట్‌లో ప్రతి పన్నూ సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు, మెటల్‌లోనే ఉంటుంది. పదోవంతు వెడల్పు కోతలో అది 37 డిగ్రీలే. మిగతా 323 డిగ్రీలు పన్ను గాలిలో, కూలెంట్‌లో తిరుగుతుంది. కాలేది కాసేపు, చల్లారేది చాలాసేపు. స్పీడ్ పెంచే వెసులుబాటు అక్కడి నుంచి వచ్చింది. వెడల్పును మళ్లీ 30 శాతానికి పెంచి అదే 80లో నడిపితే అంచు నిలవదు.

పంటికి ఫీడ్ కూడా 0.09 అంటే ఎక్కువనిపిస్తుంది. కానీ వెడల్పు తక్కువైనప్పుడు అసలు చిప్ మందం ప్రోగ్రామ్‌లో రాసిన ఫీడ్ కన్నా తగ్గుతుంది. పదోవంతు వెడల్పుకు అది 0.6 వంతు, అంటే 0.054. స్లాట్‌లో తీస్తున్నది 0.05. అంచుకు తగిలే చిప్ రెండుచోట్లా దాదాపు ఒకటే. ఈ సర్దుబాటు తెలియక సన్నటి కోతలో కూడా 0.05 ఫీడే ఉంచేస్తే చిప్ 0.03కు పడిపోతుంది. అప్పుడు టూల్ కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. ‘జాగ్రత్తగానే నడిపాం సార్, అయినా టూల్ పోయింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే.

మరి ఎప్పుడూ రెండోదే మంచిదా? కాదు. సన్నటి కోతకు పొడవైన అంచు కావాలి, వేగంగా మూల తిరగగల కంట్రోల్ కావాలి, మంచి క్యామ్ ప్రోగ్రామ్ కావాలి. లోతు లేని పాకెట్ అయితే 24 మిల్లీమీటర్లు దించడానికి చోటే ఉండదు. బరువైన, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ టార్క్ ఇచ్చే పాత మెషీన్ మీద పెద్ద ఫోర్జింగ్ రఫింగ్ చేస్తుంటే, ఇన్సర్టులు వరసగా పేర్చిన లాంగ్ ఎడ్జ్ కట్టర్‌తో నిమిషానికి 45 మీటర్లలో నిదానంగా దున్నడమే లాభం. తేలికపాటి, వేగమైన స్పిండిల్ ఉన్న మెషీన్‌కు ఆ పని చెబితే వణుకుతుంది. దానికి పక్క కోతే సరి. పద్ధతిని ఎంచుకునేటప్పుడు జాబ్ కన్నా ముందు మెషీన్‌ను చూడమంటాను.

ఏ పద్ధతైనా క్లైంబ్ మిల్లింగే చేయండి. చిప్ మందంగా మొదలై సన్నగా ముగియాలి. బయటికొచ్చేటప్పుడు మందపు చిప్ ఉంటే అంచు పెచ్చులూడుతుంది. జాబ్‌లోకి దిగేటప్పుడు కూడా నేరుగా గుద్దకుండా చిన్న వంపులో తిప్పి దించాలి. హోల్డర్ సంగతి మరిచిపోకండి. టైటానియం రఫింగ్‌లో టూల్ హోల్డర్‌లోంచి కొద్దికొద్దిగా కిందకు జారి జాబ్‌లోకి దిగబడటం నిజంగా జరిగే పనే. రనౌట్, అంటే టూల్ నడిమధ్య తప్పి తిరగడం, 0.02 మిల్లీమీటర్లు ఉంటే, 0.05 ఫీడ్‌లో ఒక పంటి మీద 40 శాతం అదనపు భారం పడుతుంది. ఆ ఒక్క పన్ను పోయాక మిగతావి వరస కడతాయి.

## ఏ అంచు: కోటింగ్ ఉన్నదా, లేనిదా?

టర్నింగ్‌లో కోత ఆగకుండా సాగుతుంటే కోటింగ్ లేని, సన్న రేణువుల కార్బైడ్ ఇప్పటికీ గట్టి పోటీదారే. కోబాల్ట్ సుమారు 6 శాతం ఉన్న గ్రేడ్లు వేడిలో గట్టిగా నిలుస్తాయి. కోటింగ్ లేకపోవడంతో అంచును పదునుగా ఉంచవచ్చు. స్టీలు కోసం వాడే మందపాటి సీవీడీ (రసాయన ఆవిరి పూత) కోటింగ్ ఇన్సర్టులు ఇక్కడికి తేకండి. కోటింగ్ మందానికి అంచు మొద్దుబారుతుంది, అంచు మొద్దైతే రాపిడి, రాపిడి అంటే వేడి.

మిల్లింగ్‌లో పన్ను లోపలికీ బయటికీ దెబ్బలు తింటుంది కాబట్టి కోబాల్ట్ కాస్త ఎక్కువుండి దెబ్బలు తట్టుకునే కార్బైడ్ మీద పలుచటి పీవీడీ (భౌతిక ఆవిరి పూత) కోటింగ్ మేలు. అల్యూమినియం టైటానియం నైట్రైడ్ రకాలు ఎక్కువగా వాడతారు. వీటి మధ్య తేడా ఉంది కానీ స్పీడ్ తప్పు పెడితే ఏ కోటింగూ కాపాడదు. బ్రోచర్లలో రంగురంగుల కోటింగ్ పేర్లు చూసి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పాలీక్రిస్టలిన్ డైమండ్, మనం పీసీడీ అనేది, ఫినిషింగ్‌లో అద్భుతం. మంచి కూలెంట్ ఉంటే నిమిషానికి 150 మీటర్లు దాటినా నిలుస్తుంది. దానికి ఏకధాటి కోత, వణకని మెషీన్ కావాలి, చిన్న దెబ్బకే పగిలిపోతుంది. రఫింగ్‌కు దాన్ని తలుచుకోకండి. ఇంకొనెల్ అనే నికెల్ మిశ్రమం మీద సిరామిక్ వాడి అలవాటైనవాళ్లు ఇక్కడా అదే పెట్టబోతారు. టైటానియం సిరామిక్‌తో రసాయనికంగా కలిసిపోయి దాన్ని తినేస్తుంది, డబ్బు దండగ.

అంచు ఆకారం విషయంలో ఒకే ఒక్క సలహా. చోటుంటే 45 డిగ్రీల అప్రోచ్ (అంచు జాబ్‌ను తాకే కోణం) ఉన్న కట్టర్ గానీ, గుండ్రటి ఇన్సర్ట్ గానీ వాడండి. 45 డిగ్రీల దగ్గర చిప్ మందం 0.7 వంతుకు తగ్గుతుంది కాబట్టి ఫీడ్‌ను ఆ మేరకు పెంచుకోవచ్చు. అంచు మీద డెప్త్ గీత దగ్గర పడే కోసుడు గాయం, అదే నాచ్, కూడా తగ్గుతుంది. 90 డిగ్రీల టూలే వాడక తప్పకపోతే ప్రతి పాస్‌కూ డెప్త్ కొంచెం మార్చండి. అప్పుడు దెబ్బ ఒకేచోట పడదు.

## కూలెంట్

మామూలు ఫ్లడ్ కూలెంట్‌తో పైన చెప్పిన స్పీడ్లన్నీ నడుస్తాయి, ధార సరిగ్గా కోత మీద పడితే. 70 బార్ హై ప్రెషర్, అదీ టూల్ లోపలి నుంచి చిప్‌కూ టూల్ ముఖానికీ మధ్య పడేలా ఉంటే, రెండు లాభాలు: చిప్ ముక్కలవుతుంది, అదే టూల్ లైఫ్‌తో స్పీడ్ మరికొంత పెంచుకోవచ్చు. టర్నింగ్‌లో చిప్ దారంలా జాబ్‌కు చుట్టుకుని మెషీన్ పదేపదే ఆపాల్సి వస్తుంటే, నా దృష్టిలో మొదట డబ్బు పెట్టాల్సింది ఇక్కడే, కొత్త ఇన్సర్ట్ గ్రేడ్ మీద కాదు.

ఎంక్యూఎల్, అంటే నూనె తుంపర, జారుడునిస్తుంది కానీ చల్లార్చదు. తేలికపాటి ఫినిష్ మిల్లింగ్‌కు ఫరవాలేదు, రఫింగ్‌కు చాలదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ గుంట అరుగుదలను బాగా అదుపు చేస్తుంది. కాకపోతే జాబ్ కూడా చల్లబడి గట్టిపడుతుంది, కొలతలు కుంచించుకుంటాయి. పైపులు, భద్రతా ఏర్పాట్లు విడిగా కావాలి. ఏడాది పొడవునా టైటానియమే కోసేవాళ్లు ఆలోచించాల్సిన దారి అది.

సగం తడి, సగం పొడి మాత్రం వద్దు. ధార ఆగుతూ పడుతూ ఉంటే అంచు కాలి చల్లారి పగుళ్లిస్తుంది. సన్నటి టైటానియం చిప్ అంటుకుంటుందని కూడా గుర్తుంచుకోండి. కాలుతున్న టైటానియం మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుడుతుంది, మంట ఎగస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు. లోహాల మంటలకు ఉద్దేశించిన డి తరగతి పొడి గానీ, బాగా ఎండిన ఇసుక గానీ మెషీన్ పక్కన ఉండాలి.

## ఫినిషింగ్‌లో లెక్క తిరగబడుతుంది

ఇక్కడ మెటల్ ఎంత తీశామన్నది ముఖ్యం కాదు. ఉపరితల గరుకుదనాన్ని శాసించేది ఫీడ్. ఫీడ్‌ను దానితోనే గుణించి, 32 రెట్ల ముక్కు వ్యాసార్థంతో భాగిస్తే ఆర్‌ఏ, అంటే సగటు గరుకుదనం, అంచనా వస్తుంది. ఫీడ్ 0.2, ముక్కు 0.8 అయితే సుమారు 1.6 మైక్రాన్లు. ఫీడ్‌ను 0.1 చేస్తే 0.4. ఇది కాగితం మీది లెక్క, అసలు జాబ్ మీద ఇంకాస్త ఎక్కువే వస్తుంది. అలాగని ఫీడ్‌ను 0.03కు దించితే ఇంకా నున్నగా వస్తుందనుకోకండి. అంచు గుండ్రదనం కన్నా చిప్ సన్నబడితే మళ్లీ రాపిడే, పైపొర గట్టిపడుతుంది. పెద్ద ముక్కు వ్యాసార్థంతో గరుకుదనం తగ్గించుకోవడం సులువే, కానీ గోడ సన్నగా ఉంటే పెద్ద ముక్కు దాన్ని పక్కకు నెడుతుంది. సన్న గోడకు చిన్న ముక్కు, పదును అంచు, తగ్గించిన ఫీడ్. దిట్టమైన షాఫ్ట్‌కు పెద్ద ముక్కు. గోడకు రెండువైపులా మార్చిమార్చి, పైనుంచి కిందికి మెట్లుమెట్లుగా తీయాలి. ఒకవైపంతా పూర్తిచేసి రెండోవైపుకు వస్తే గోడ టూల్‌కు దొరక్కుండా తప్పించుకుంటుంది.

## అంకెలు ఎలా తేల్చుకోవాలి?

టూల్ కంపెనీ కేటలాగ్‌లో ఒక శ్రేణి ఉంటుంది. ఐదారు పీసుల ఆర్డరైతే దానిలో కింది అంకె తీసుకుని పని కానివ్వండి, ప్రయోగాలు అక్కర్లేదు.

వందల పీసులైతే పరీక్ష చేయడం లాభమే. ఒక్కోసారి ఒక్కో పారామీటర్ మార్చి చూడటం అందరికీ అలవాటైన పద్ధతి. తేలిగ్గా అర్థమవుతుంది, కానీ స్పీడ్ ఎక్కువున్నప్పుడు ఫీడ్ ప్రభావం వేరుగా ఉంటే అది పట్టుకోదు. జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి ప్రచారంలోకి తెచ్చిన ఎల్9 పట్టికతో నాలుగు పారామీటర్లను మూడేసి స్థాయిల్లో తొమ్మిది పరీక్షల్లో చూడొచ్చు. అన్నీ చేస్తే 81 అయ్యేవి. ఇన్ని తగ్గాయంటే ఏదో వదులుకున్నట్టే కదా. నాలుగు నిలువు వరసలూ నింపేస్తే పారామీటర్లు ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకున్నాయో ఆ పట్టిక చెప్పలేదు. అందుకే ఒక నిలువు వరస ఖాళీగా ఉంచి స్పీడ్, ఫీడ్, డెప్త్ మాత్రమే పెడతాను, చివర్లో మంచిదని తేలిన కలయికను మళ్లీ ఒకసారి నడిపి చూస్తాను. ఆ చివరి పరుగు లేని ఎల్9ను నమ్మను.

ఇంకో చిక్కు పదార్థం ఖర్చు. నిమిషానికి 20 ఘన సెంటీమీటర్ల చొప్పున ఒక అంచు అరిగేదాకా 20 నిమిషాలు కోస్తే 400 ఘన సెంటీమీటర్లు, అంటే దాదాపు 1.8 కిలోల టైటానియం చిప్స్ పెట్టెలోకి పోతుంది. తొమ్మిది పరీక్షలకు సుమారు 16 కిలోలు. దీనికి నేను చేసే సర్దుబాటు ఏమిటంటే, ప్రతి పరీక్షా ఐదు నిమిషాలే నడిపి, అంచు వెనక అరుగుదలను మైక్రోస్కోప్‌తో కొలుస్తాను. నాలుగు కిలోలతో పని అవుతుంది. ఏది ముందు అరుగుతుందో తెలియడానికి అది చాలు. గెలిచిన ఒక్కదాన్నే 0.3 మిల్లీమీటర్ల అరుగుదల దాకా నడుపుతాను. ఫలితాల్లో సాధారణంగా అరుగుదలకు స్పీడ్, గరుకుదనానికి ఫీడ్ ముందు నిలుస్తాయి. మీ పట్టికలో వేరేలా వస్తే ముందు ఫిక్చర్ బోల్టులు చూసుకోండి.

డ్రిల్లింగ్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. లోపలి నుంచి కూలెంట్ వచ్చే కార్బైడ్ డ్రిల్ ఉంటే నిమిషానికి 30 నుంచి 40 మీటర్లలో ఆగకుండా దించేయండి. అడుగున టూల్‌ను ఒక్క సెకను కూడా ఊరికే తిప్పకండి, అక్కడ గట్టిపడ్డ పొర తర్వాత మర కోయడానికి వచ్చే ట్యాప్‌ను విరిచేస్తుంది.

అన్నీ తేల్చుకున్నాక ప్రోగ్రామ్‌లో రాయాల్సిన ఆఖరి అంకె టూల్ మార్చే సమయం. పరీక్షలో 20 నిమిషాలు వస్తే నేను 15కే మార్చమని రాస్తాను. ఒక రాత్రి షిఫ్ట్‌లో ఆపరేటర్ అంచు చూపించి ‘సార్, ఇంకా బాగానే ఉంది, ఇంకో పీస్ వస్తుంది కదా’ అన్నాడు. భూతద్దంలో చూస్తే నాకూ బాగానే కనిపించింది, సరేనన్నాను. రెండు రోజులుగా మెషీన్ మీదున్న ఫోర్జింగ్ అది. ఆఖరి గోడ సగంలో ఉండగా శబ్దం మారింది. అతను ఎమర్జెన్సీ బటన్ నొక్కేలోపే గోడ మీద వేలెడు పొడవు నల్లటి చార పడింది. ఆ ఇన్సర్ట్ సొరుగులో మూడో కవర్లో ఉంది.